తెస్తానన్న కొత్తిమీర

పెద్దస్వామికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా జవాబు చెప్పడు, ఏదో ఒక పని పురమాయిస్తాడు. మాయ అంటే ఏమిటని అడిగిన ఒక ఇంజనీరును పూటంతా కూర్చోబెట్టి బావి చేంతాడుకు పడ్డ చిక్కు విప్పించాడు. చావంటే భయం పోయేదెలాగని అడిగిన ఒక షావుకారును వంటసాలలోకి పంపి చింతపండు పిసికించాడు. వాళ్ళకు జవాబు దొరికిందో లేదో ఎవరికీ తెలియదు గానీ, రెండో ప్రశ్న అడిగే సాహసం మాత్రం ఇద్దరూ చేయలేదు. గుండ్లకమ్మ ఒడ్డున నాలుగు పాకలూ ఒక వంటసాలా ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో మాటలకంటే పనులు ఎక్కువ జరిగేవంటే కారణం అదే.

ఆ పనుల్లో సగం శరభయ్య చేతిమీదుగా నడిచేవి. వంటసాల వెనక పెరడు అతని రాజ్యం. కరివేపాకు మొదట్లో పులిసిన మజ్జిగ పోయాలనీ, పుదీనాను కోసేకొద్దీ కోస్తూ ఉండకపోతే కాడ ముదిరి కట్టెపుల్ల అవుతుందనీ, ధనియాలు నలిపి బద్దలు చేయకుండా చల్లితే సగం మొలవవనీ, వామాకుకు నీళ్ళు ఎక్కువైతే వేరు కుళ్ళుతుందనీ అతను చెబుతుంటే భక్తులు నోళ్ళు తెరుచుకుని వినేవారు. పిలకల కోసం, నారు కోసం పక్క ఊళ్ళనుంచి కూడా వచ్చేవారు. "శరభయ్యగారి చెయ్యి పడితే ఎండుపుల్లయినా చిగురేస్తుంది" అనేవారు. "అంతా స్వామి దయ" అని శరభయ్య తల వంచేవాడు. తల వంచేవాడే గానీ, ఇంకొకరు కూడా అదే మాట అంటారేమోనని చెవులు మాత్రం అటే ఉండేవి.

పెరటికంటే అతనికి ఎక్కువ పేరు తెచ్చింది ఒక కథ. అది అతని సొంత కథే, తనకు వైరాగ్యం ఎలా కలిగిందో చెప్పే కథ. కొత్తగా ఎవరు వచ్చినా ఎవరో ఒకరు దాన్ని అడిగేవారు. అడక్కపోతే అతనే ఎలాగో అక్కడికి వచ్చేవాడు. "సంసారంలో ఉన్న రోజులు," అని మొదలుపెట్టేవాడు. "ఒక సాయంత్రం కొత్తిమీర కోసం బజారుకు వెళ్ళాను. కూరలమ్మే ఆవిడ ముందు నిలబడి, ఒక కట్ట ఇమ్మని చెయ్యి చాపాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, 'ఏమీ కొనకుండా కొసరేందయ్యా?' అంది." ఇక్కడ కాసేపు ఆగేవాడు. కూరలు కొన్నవాళ్ళ సంచిలో చివరగా కొత్తిమీర కాడలో, కరివేపాకు రెబ్బో ఊరికే వేసివ్వడం మన బజార్లలో రివాజు గనక, కొసరంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని ఉండేది కాదు. "ఆ మాట నా గుండెలో దిగిపోయింది. నిజమే కదా, ఈ జన్మలో నేను కొన్నదేముంది? ఏం సాధన చేశానని భగవంతుడి దయను కొసరుగా అడుగుతున్నాను? ఆ నిలబడ్డ చోటునుంచే నడిచాను. బజారు చివర సత్రంలో స్వామివారి మాట వినిపించింది. మళ్ళీ వెనక్కి తిరిగి చూడలేదు." చెప్పే ప్రతిసారీ చివరి మాట దగ్గర గొంతు ఒణికేది. వినేవాళ్ళలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. పెద్దస్వామి కళ్ళు మూసుకుని వినేవాడు, ఏమీ అనేవాడు కాదు. ఆ కథలో కొత్తిమీర ఉండేది, కూరలావిడ ఉండేది, భగవంతుడు కూడా ఉండేవాడు. ఆ కొత్తిమీర తెమ్మన్న మనిషి మాత్రం ఉండేది కాదు.

ఆ మనిషి పేరు పున్నమ్మ. శరభయ్యకు భార్య.

ఒక ఏడు వైశాఖంలో పెద్దస్వామి తన ఒంట్లో ఓపిక తగ్గిందనీ, తన తర్వాత ఆశ్రమం చూసుకునేవాళ్ళకు ఆషాఢ పౌర్ణమినాడు సన్యాస దీక్ష ఇస్తాననీ చెప్పాడు. కొత్త బట్ట ఒకటి కావిలో ముంచి ఆరవేయించి పెట్టెలో పెట్టించాడు కూడా. ఎవరికో మాత్రం చెప్పలేదు. అందరి చూపూ శరభయ్య మీదే ఉంది, శరభయ్య చూపు ఆ పెట్టె మీద ఉంది. రోజులు గడిచినా స్వామి నోటినుంచి పేరు రాకపోయేసరికి అతనికి నిద్ర పట్టడం మానేసింది. తనకు కాక ఇంకెవరికి ఇస్తాడు? ఇన్నేళ్ళ చాకిరీ ఏమైపోయినట్టు? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా అది వైరాగ్యం కాదని తెలిసి, పెరట్లోకి పోయి పుదీనా మడిలో ఉన్న గడ్డీ లేని గడ్డీ పీకేవాడు. చివరికి ఒక ఉదయం తెగించి, స్వామి కాళ్ళ దగ్గర కూర్చుని అడిగేశాడు.

"స్వామీ, ఇల్లు వదిలాను. ఉద్యోగం వదిలాను. నాది అనే మాటే వదిలాను. దీక్షకు ముందు ఇంకా నేను వదలాల్సిందేముంది?"

పెద్దస్వామి పెరటి వైపు చూశాడు. "కొత్తిమీర," అన్నాడు.

శరభయ్యకు అర్థం కాలేదు.

"తెస్తానని ఇంట్లో చెప్పి వచ్చావు కదా. పుష్కరం దాటింది. తీసుకెళ్ళి ఇచ్చి రా. అట్లాగే సన్యాసానికి ఆవిడ అనుమతి కూడా అడిగి రా," అని స్వామి లేచి స్నానానికి వెళ్ళిపోయాడు.

శరభయ్య మనసు మొదట చివుక్కుమంది. అందరికీ పని పురమాయించినట్టే తనకూ పురమాయించాడు, తాను ఇంజనీరూ షావుకారూ కాదే! కాసేపటికి తేరుకుని, ఇది పరీక్ష అనుకున్నాడు. పరీక్ష అనుకున్నాక హుషారు వచ్చింది. బజారులో ఒక కట్ట కొని పట్టుకుపోతే సరిపోయేదే. కానీ అది అతని మనసుకు ఆనలేదు. తన చేత్తో పండించి, తన చేత్తో ఇవ్వాలి. అది చూసి పున్నమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. బహుశా ముందు కాసేపు నిష్ఠూరమాడుతుంది. ఆడనీ, ఓర్చుకుంటాను. తర్వాత "నా పసుపు కుంకాలకు ఇంతకంటే ఏం కావాలి, వెళ్ళి రండి" అంటుంది. ఆ మాటను తర్వాత కథ చివర చేర్చుకుంటే ఎంత బాగుంటుందో కూడా అతనికి తోచింది. తోచినందుకు సిగ్గుపడ్డాడు, కానీ ఆ ఆలోచనను పారేయలేదు.

వైశాఖం ఎండల్లో కొత్తిమీర పెంచడమంటే మాటలు కాదు. మొదట చల్లిన మడి మొలకెత్తింది, నాలుగాకులు వేసింది, వేసినట్టే మాడిపోయింది. రెండోసారి మట్టిలో చివికిన పేడ కలిపి, ధనియాలు నీళ్ళలో నానబెట్టి, మడి మీద నాలుగు గుంజలు పాతి తాటాకు కప్పాడు. చెంబుతో పోస్తే విత్తనం కొట్టుకుపోతుందని చేత్తో నీళ్ళు చిలకరించాడు. అలా చిలకరిస్తుండగా ఒకనాడు, పున్నమ్మ కూడా వీధరుగు అంచున ఒక పగిలిన కుండలో ఇవే పెంచేదని గుర్తొచ్చింది. ఆ కుండలోంచి మట్టినీళ్ళు చింది తన పంచె అంచు పాడైందని ఒకసారి తాను ఆ కుండను కాలితో తన్నిన సంగతి కూడా దాని వెంటే గుర్తొచ్చింది. అది అతనికి నచ్చలేదు. లేచి వెళ్ళి కరివేపాకుకు మజ్జిగ పోశాడు.

జ్యేష్ఠం చివరికి మడి పచ్చగా కమ్ముకుంది. ఒక తెల్లవారుజామున వేళ్ళతో సహా పీకి, మట్టి దులిపి, అరటినారతో కట్ట కట్టి, తడిగుడ్డలో చుట్టుకుని శరభయ్య బస్సెక్కాడు. దారి పొడుగునా వడగాలి. ఊళ్ళో దిగేసరికి గుడ్డ ఎండిపోయి ఉంది, కట్ట వాలిపోయి ఉంది. బస్టాండు కుళాయి కింద పెట్టి ఎంత తడిపినా అది తల ఎత్తలేదు. అతని ఆత్రం చూసి అక్కడి ఆడవాళ్ళు నవ్వుకున్నారు.

ఇల్లు అదే. రెండు గదుల పెంకుటిల్లు. వెనక కరివేపాకు చెట్టొకటి ఇంటి కప్పు దాటి పెరిగింది, అది అతను ఎరిగింది కాదు. తలుపు తీసే ఉంది. గడప అవతల నిలబడ్డాడు. ఆశ్రమంవాళ్ళు ఏ ఇంటి ముందు నిలబడినా, లోపలున్నది ఎవరైనా, పిలిచే పిలుపు ఒక్కటే. ఇన్నేళ్ళుగా అలవాటైన ఆ పిలుపే నోటికి వచ్చింది.

"తల్లీ!" అన్నాడు.

అన్నాక గానీ ఎవరిని అన్నాడో తెలియలేదు. నాలుక కరుచుకునే లోపే పున్నమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. జుట్టు సగం నెరిసింది. బస్టాండు దగ్గర ఒక మెస్సులో పొద్దున వంట ముగించుకుని అప్పుడే వచ్చినట్టుంది, ఒంటిమీద తిరగమోత వాసన ఉంది. కాళ్ళనుంచి తలదాకా అతన్ని ఒకసారి చూసింది. ఆ ముఖంలో ఆశ్చర్యం లేదు.

"రండి స్వామీ," అంది. "ఎండనపడి వచ్చారు. మజ్జిగిస్తాను, కూర్చోండి."

ఆశ్రమం బట్టల్లో చూసి దారినపోయేవాళ్ళంతా అతన్ని అలాగే పిలుస్తారు. ఆ గౌరవం అతనికి ఇష్టం కూడా. అదే మాట ఆమె నోట వినేసరికి చెంప మీద కొట్టినట్టయింది. చాపమీద కూర్చుని మజ్జిగ తాగాడు. కట్ట ముందుకు చాపి, "కొత్తిమీర," అన్నాడు. "తెచ్చాను."

పున్నమ్మ తీసుకుంది. కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు, నిష్ఠూరమాడలేదు. ఒక కాడ తుంచి వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది.

"నాటు ధనియాలే. వాసనుంది. బద్దలు చేసి చల్లారా?"

"ఆఁ."

"ఎండకు మాడలేదూ?"

"మొదటిసారి మాడింది. తర్వాత తాటాకు కప్పాను."

"తాటాకు మంచిదే. నేను బట్ట కడతాను. రండి చూద్దురు."

పెరట్లో అడుగుపెట్టిన శరభయ్య నిలబడిపోయాడు. గదంత స్థలం లేదు, కానీ ఖాళీగా ఉన్న మట్టి పిడికెడు లేదు. గిన్నెలు తోమిన నీళ్ళు పారే చోట పుదీనా దట్టంగా అల్లుకుంది. పాత రంగు డబ్బాల్లో మెంతికూర, చిల్లుపడిన బక్కెట్లో వామాకు. కరివేపాకు చెట్టు చుట్టూ పిలకలు లేచి ఉన్నాయి, వీధిలోవాళ్ళకు తవ్వి ఇచ్చిన గుంటల గుర్తులు పక్కనే ఉన్నాయి. గోడ వారగా కొత్తిమీర మడి, ఆ మడి మీద నాలుగు కర్రలకు కట్టిన తెల్లబట్ట. ఎండకు ఎండి వానకు తడిసి బూడిదరంగుకు తిరిగినా, దాని అంచున ఎర్రజరీ ఇంకా కనిపిస్తూనే ఉంది. అది అతని పెళ్ళి పంచె.

"మీవే," అంది పున్నమ్మ, అతని చూపు చూసి. "చాలా మిగిలిపొయ్యాయి. ఒక్కోటి ఒక్కో ఎండాకాలం వస్తది. ఇదే ఆఖర్ది."

శరభయ్య తనకు తెలిసిన దారిలో పడ్డాడు. కరివేపాకుకు మజ్జిగ పోస్తున్నావా అన్నాడు. కొత్తిమీర పూతకొస్తే తుంచేయకుండా ఒక పక్క వదిలేస్తే విత్తనం మిగులుతుందన్నాడు. ఆమె అన్నిటికీ "ఆఁ, ఆఁ" అంది. కాపురం చేసిన రోజుల్లో కూడా వాళ్ళిద్దరూ ఒక విషయం మీద అంతసేపు మాట్లాడుకోలేదు. అతనికి ధైర్యం వచ్చింది, మనసు తేలికపడింది, క్షమించేసిందనిపించింది. ఆ ధైర్యంతోనే తాను ఎందుకు వెళ్ళిపోయాడో చెప్పాలనుకున్నాడు. చెప్పడానికి అతని దగ్గర ఉన్నది ఆ ఒక్క కథే. బజారు, కూరలావిడ, చాపిన చెయ్యి, కొసరు, సత్రం, అంతా చెప్పుకుపోయాడు. అలవాటు చొప్పున చివర్లో గొంతు ఒణికింది కూడా.

పున్నమ్మ మడిలో పండుటాకులు ఏరుతూ విన్నది. అంతా విని తల ఎత్తింది.

"మరి వంకాయలు?"

"ఏం వంకాయలు?"

"గుత్తివంకాయ తినాలనుందని పొద్దున మీరే అన్నారు. వంకాయలు తీసుకోండి, కొత్తిమీర ఆవిడే కొసరేస్తది అని చెప్పి సంచి చేతికిచ్చాను. సంచి గుర్తుందా?" చేతిలోని పండుటాకులు పక్కన పడేసింది. "వంకాయలు మర్చిపొయ్యి కొసరొక్కటే అడిగారన్నమాట. ఏ కూరలమ్మేదైనా అట్టాగే అంటది స్వామీ. అదేం ఉపదేశం కాదు."

శరభయ్యకు సంచి గుర్తొచ్చింది. పచ్చగళ్ళ సంచి, చంకలో పెట్టుకుని వెళ్ళాడు. సత్రంలో కూర్చునేటప్పుడు దాన్ని మడిచి కింద వేసుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఇంతమంది చేత కన్నీళ్ళు పెట్టించిన ఆ కథ కింద ఉన్నది మర్చిపోయిన వంకాయలు. నవ్వు రావలసిన సంగతే. అతను మాత్రం మడి గట్టున కూర్చున్నాడు.

పున్నమ్మ కూర్చోలేదు. "ఆ సాయంత్రం చారు పొయ్యి మీద పెట్టాను," అంది. ఎవరి సంగతో చెబుతున్నట్టు నింపాదిగానే మొదలుపెట్టింది. "కొత్తిమీర వేసి దించుదామని చూశాను. చారంతా ఇగిరిపోయి గిన్నె మాడింది. చీకటి పడ్డాక వీధిలోవాళ్ళు టార్చిలైట్లు తీసుకుని బయల్దేరారు. మీకు అప్పుడప్పుడూ కళ్ళు తిరిగేవిగా, ఎక్కడ పడ్డారోనని. బావిలో పడ్డ చేదలు తీసే కొక్కేల పాతాళభేది ఒక్కో బావిలో వేసి దేవారు. దేవిన ప్రతి బావి దగ్గరా నన్ను నిలబెట్టారు, గుర్తుపట్టాలి గదా. ఒక దాంట్లోనుంచి పంచె ముక్క వచ్చింది. ఎవరిదో. అది చూసి నేను అక్కడే పడిపొయ్యాను."

"పున్నా..."

"చెప్పనివ్వండి. ఎవరికీ చెప్పలా ఇంతవరకూ. తర్వాత కబురొచ్చింది, ఆశ్రమంలో ఉన్నారు, కులాసాగా ఉన్నారని. వీధి వీధంతా వచ్చి నా కాళ్ళకు దణ్ణం పెట్టింది. పుణ్యాత్మురాలివి అన్నారు. మొగుడు చచ్చినదానికి ఏడ్చే వీలుంటది. మొగుడు వదిలేసినదానికి తిట్టే వీలుంటది. నాకు ఆ రెండూ లేకుండా చేశారు మీరు. ఏడిస్తే అపచారం, తిడితే పాపం. ఇంక ఏం చెయ్యను? మట్టి తవ్వుకున్నాను. ఆ రోజునుంచి కొత్తిమీర కోసమని ఎవర్నీ బజారుకు పంపలేదు."

శరభయ్య రెండు చేతులూ జోడించాడు. "తప్పయిపోయింది," అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు. ఆశ్రమంలో రోజూ అనే అలాంటి మాటలకీ దీనికీ తేడా ఉందని అతనికే తెలుస్తోంది.

"దానికోసం రాలేదు గదా మీరు," అంది పున్నమ్మ. "వచ్చిన పని చెప్పండి."

చెప్పక తప్పలేదు. చెప్పాడు. దీక్ష సంగతీ, ఆషాఢ పౌర్ణమి సంగతీ, భార్య ఒప్పుకుంటే గానీ సన్యాసం కూడదని స్వామి అడిగి రమ్మన్న సంగతీ, అంతా తల వంచుకునే చెప్పాడు. ఆమె కాదంటే బాగుండునని ఆ క్షణాన అతనికి అనిపించింది. కొంగు పట్టుకుని ఆపకపోయినా, కనీసం కోపంతోనైనా, ఒక్కసారి కాదంటే చాలు.

పున్నమ్మ కాదనలేదు. "గడపలో నిలబడి తల్లీ అన్నారు. పెళ్ళాన్ని తల్లీ అన్నాక ఇంకా అనుమతేంది స్వామీ?" అంది. "అయినా అడిగారు గాబట్టి ఇస్తున్నాను. తీసుకోండి సన్యాసం. ఈ వీధిలో కరివేపాకుకు వచ్చిన ఎవర్నీ లేదని పంపలా నేను, మిమ్మల్ని పంపుతానా?" చెయ్యి చాపి చెట్టునుంచి రెండు రెబ్బలు విరిచి, అతని తడిగుడ్డలోనే వేసింది. "ఇవీ పట్టుకుపోండి. కొసరు."

అతను తెచ్చిన కట్ట గట్టుమీదే ఉంది. దాని వైపు చూశాడు.

"దాన్ని ఉండనివ్వండి. పక్కింటోళ్ళ మేక ఈనింది, వేస్తాను. మా చారులోకి పెరట్లో ఉంది." వీధి గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. అతను మెట్టు దిగాక పిలిచింది. "మీ పెద్దస్వామికి ఒక మాట చెప్పండి. ఇల్లు విడిచొచ్చినోడికి అన్నం పెట్టే ముందు, 'ఇంట్లో చెప్పొచ్చావా నాయనా' అని ఒక్క మాట అడగమనండి. ఇంకొక ఆడది బావుల చుట్టూ తిరక్కుండా ఉంటది."

బస్సులో శరభయ్య కిటికీ పక్కన కూర్చున్నాడు. కావలసింది దొరికింది. ఎవరైనా అడిగితే, భార్య సంతోషంగా ఒప్పుకుందని చెప్పినా అబద్ధం కాదు. కానీ అతని గుండె మండిపోతోంది. తాను ఏదో గొప్పదాన్ని వదులుకుని వచ్చాననే కదా ఇన్నేళ్ళూ బతికాడు. అక్కడ చూస్తే తన పంచెలు కొత్తిమీరకు నీడ పట్టి పట్టి చిరిగిపోయాయి, ఇంక తనదంటూ ఏమీ లేదు. వదలడమనేది అతని చేతిలో పని కాదు, ఆమె చేతిలో పని. దాన్ని ఆమె ఎప్పుడో ముగించుకుంది. పక్కసీటు ముసలాయన గుడ్డలోనుంచి వస్తున్న వాసనకు ఇటు తిరిగి, "కరివేపాకు బాగుంది స్వామీ, ఎక్కడిది?" అన్నాడు. మా ఇంటిది అనబోయి, శరభయ్య నోరు మూసుకున్నాడు.

ఆశ్రమం చేరేసరికి సాయంత్రమైంది. పెద్దస్వామి వంటసాల అరుగుమీద కూర్చుని ఉన్నాడు. పక్కనే పెట్టె, పెట్టె మీద మడతపెట్టిన కావిబట్ట. పౌర్ణమి దగ్గరపడిందని ఎవరో బయటికి తీసినట్టున్నారు.

"ఇచ్చిందా?" అన్నాడు స్వామి.

"ఇచ్చింది స్వామీ," అన్నాడు శరభయ్య. "కొసరుగా ఇచ్చింది."

గుడ్డ విప్పి కరివేపాకు స్వామి ముందు పెట్టాడు. తర్వాత జరిగిందంతా చెప్పాడు. బావుల సంగతి చెప్పాడు, తల్లీ అన్న సంగతి దాచకుండా చెప్పాడు. గుమ్మంలో ఆమె చెప్పి పంపిన మాట దగ్గర కాసేపు నీళ్ళు నమిలాడు, ఆ తర్వాత అదీ చెప్పాడు. పెద్దస్వామి ఈసారి కళ్ళు మూసుకోలేదు. కరివేపాకు రెబ్బ చేతిలోకి తీసుకుని, ఒక్కో ఆకూ దూసి నోట్లో వేసుకుని నమిలాడు. ఎవరూ పచ్చిగా తినే ఆకు కాదది. అంతా నమిలి మింగాక ఉత్త కాడ మిగిలింది. ఆ పౌర్ణమికి గానీ ఆ పై పౌర్ణమికి గానీ ఆ కావిబట్ట ఎవరి ఒంటిమీదికీ ఎక్కలేదు. శరభయ్య దాని గురించి మళ్ళీ అడగలేదు.

ఆ సాయంత్రం మాత్రం పెద్దస్వామి అతన్ని ఒకటి అడిగాడు. ఎప్పుడూ పని పురమాయించడమే గానీ, ఎవరినీ మాట చెప్పమని అడగని మనిషి.

"ఆ కూరలావిడ కథ ఒకసారి చెప్పు."

వందల మందికి చెప్పిన కథ. శరభయ్య నోరు తెరిచాడు. బజారు అందామనుకున్నాడు, కొసరు అందామనుకున్నాడు. రాలేదు. చివరికి, "ఆ సాయంత్రం పున్నమ్మ సంచి చేతికిచ్చి, వంకాయలు తెమ్మంది స్వామీ..." అన్నాడు.

పెద్దస్వామి చేతిలో కాడను పక్కన పెట్టాడు.

"అక్కణ్ణుంచి నువ్వెప్పుడూ మొదలుపెట్టలేదయ్యా," అన్నాడు. "నేనూ అడగలేదు."